తుపాకీ సరే, మ్యాగజైన్ ఏదీ? అసాల్ట్ రైఫిళ్ళ మీద నా రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, నేను కమాండోని కాదు. ఉద్యోగంలో కొన్నేళ్ళు నా పనల్లా రైఫిళ్ళు విప్పడం, తుడవడం, నూనె పట్టించడం, మళ్ళీ బిగించి వరసలో నిలబెట్టడం. కాల్చింది తక్కువ, తుడిచింది ఎక్కువ. అందుకని ఇందులో హెడ్‌షాట్లు, పవర్ లాంటి మాటలు వెతక్కండి, దొరకవు. గేముల్లో చూసి ఏకే గొప్పా ఎం4 గొప్పా అని కొట్టుకునేవాళ్ళకి ఇది కాస్త చప్పగానే ఉంటది. ఏకే రకం, ఎం16 రకం నా చేతులారా తుడిచినవి, మిగతావాటిలో కొన్ని ఒకసారి పట్టుకు చూసినవి, కొన్ని చదివి తెలుసుకున్నవి.

నాకో పిచ్చి ఉంది. ఎవరైనా రైఫిల్ చేతికిస్తే బారెల్ చూడను, సైట్ (గురి చూసేది) చూడను, ముందు మ్యాగజైన్ ఊడదీసి చూస్తా. ఏముంది అందులో, ఒక డబ్బా, ఒక స్ప్రింగు, దాని మీద రౌండ్లని (తూటాలని) పైకి తోసే ఒక పలక (ఫాలోవర్ అంటారు), పైన రౌండు ఎగిరిపోకుండా పట్టుకునే రెండు అంచులు. ఆ అంచు ఒకవైపు ఒక్క మిల్లీమీటరు వంగిందనుకోండి, రౌండు ముక్కు పైకెత్తి నిలబడిపోద్ది, బోల్టు (రౌండుని బారెల్లోకి తోసే ఇనప ముక్క) వచ్చి దాన్ని గుద్దుద్ది, అంతే, జామ్. కాల్చేవాడు రైఫిల్‌ని తిడతాడు. మా దగ్గరికి "ఈ రైఫిల్ పనికిరాదు" అని వచ్చిన వాటిలో చాలావాటికి నేను చేసిన వైద్యం ఏంటంటే మ్యాగజైన్ మార్చడం, రైఫిల్‌ని స్క్రూ కూడా ముట్టుకోకుండా తిరిగిచ్చేయడం. అందుకే ఇక్కడ అన్నిటికీ నేను మార్కులేసేది ఆ డబ్బాతో మొదలుపెట్టే.

అసాల్ట్ రైఫిల్ అంటే ఏంటో తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. పాత యుద్ధాల్లో వాడిన పెద్ద రౌండుకీ, పిస్టల్ రౌండుకీ మధ్యస్థంగా ఉండే రౌండు వాడాలి, ఒక్కొక్కటిగానూ గడగడా వరసగానూ కాల్చగలగాలి, మ్యాగజైన్ ఊడి రావాలి. ఇంతే. బెల్జియం వాళ్ళ ఎఫ్ఎన్ ఫాల్, జర్మనీ జీ3 ఈ లెక్కలో రావు, అవి వాడేది 7.62×51 అనే పెద్ద రౌండు (మొదటి అంకె బుల్లెట్ లావు, రెండోది మందు నింపే గొట్టం పొడుగు, మిల్లీమీటర్లలో), వరసగా కాలిస్తే మూడోదో నాలుగోదో ఆకాశంలోకే పోద్ది. మంచి రైఫిళ్ళే, ఫాల్‌ని ఎన్నో దేశాలు వాడాయి, కానీ అది వేరే కులం, వదిలేద్దాం.

వంశవృక్షంలో మొదటిది జర్మన్ల ఎస్‌టీజీ 44. మామూలు జర్మన్ రైఫిల్ రౌండు 7.92×57, దాని గొట్టాన్ని 33 మిల్లీమీటర్లకి కురచ చేసి దాని చుట్టూ రైఫిల్ కట్టారు. హిట్లర్‌కి మొదట్లో ఇష్టం లేదు, దాంతో మెషిన్ పిస్టల్ అని పేరు పెట్టి ఎంపీ 43గా నడిపించారు, 1944లో గానీ స్టుర్మ్‌గెవేర్ అనే పేరు రాలేదు, అసాల్ట్ రైఫిల్ అన్న మాట దానికి తర్జుమానే. రేకుని అచ్చు కొట్టి చేశారు కాబట్టి తేలిగ్గా ఉంటదనుకుంటాం, నిండు మ్యాగజైన్‌తో 5 కిలోలు దాటుద్ది. ఇక్కడే మన కథ మొదలైంది చూడండి, 30 రౌండ్ల మ్యాగజైన్ ఇచ్చారు, స్ప్రింగు నీరసం, చాలామంది 25 మాత్రమే నింపుకుని తిరిగేవాళ్ళు. పుట్టుకతోనే వచ్చిన జబ్బు అన్నమాట ఇది. వంపు తిరిగిన బారెల్ తగిలించి గోడ మూల నుంచి కాల్చే సరంజామా కూడా చేశారు దీనికి, తెలివి ఎక్కువైతే అలాగే ఉంటది.

ఇప్పుడు ఏకే. దీని గురించి రాయనివాడు లేడు గనక కథ క్లుప్తంగా చెప్తా. మిఖాయిల్ కలాష్నికోవ్ ట్యాంకు కమాండర్, 1941లో గాయపడి ఆసుపత్రిలో పడుకున్నప్పుడు తుపాకుల గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు, ఆయన రైఫిల్ని సోవియట్ సైన్యం 1949లో తీసుకుంది. పేరులో 47 ఉంది కదా అని అప్పటినుంచే అందరి చేతుల్లో ఉందనుకోవద్దు. పైగా మొదట్లో బాడీని రేకుతో చేయబోతే ఫ్యాక్టరీలో సరిగ్గా కుదర్లేదు, కొన్నేళ్ళు దిమ్మ ఇనుముని చెక్కి చేశారు. 1959లో ఏకేఎం వచ్చాకే రేకు బాడీ నిలబడింది, బరువు మ్యాగజైన్ లేకుండా 3.1 కిలోలకి దిగింది. మీరు ఫొటోల్లో చూసి ఏకే-47 అనేవాటిలో చాలావరకు ఏకేఎంలో, చైనా వాళ్ళ టైప్ 56లో, ఇంకో దేశం కాపీలో అయి ఉంటాయి. మొత్తం కుటుంబం కలిపి 7 నుంచి 10 కోట్ల దాకా ఉంటాయని అంచనా. మొజాంబిక్ జెండా మీద కూడా ఉంది.

వాడకంలో ఎలా ఉంటదంటే, విప్పడానికి అర నిమిషం చాలు. వెనకాల మీట నొక్కి పై మూత ఎత్తితే స్ప్రింగు, బోల్టు, పొడుగాటి పిస్టన్ అన్నీ ఒకే ముద్దగా బయటికి వస్తాయి. చిన్న ముక్కలు లేవు, ఇది తుడిచేవాడికి ఎంత పెద్ద వరమో చెప్పలేను. చీకట్లో విప్పినా ఏదీ పోదు. ముక్కల మధ్య సందు ఎక్కువ, ఊపితే గలగలా అంటది, కొత్తగా చూసినవాళ్ళు ఇదేంటి బొమ్మ తుపాకీలా ఉంది అంటారు, ఆ సందే మట్టీ మసీ పక్కకి పోవడానికి దారి. అలాగని బురదలో ముంచి తీసినా పనిచేస్తదని చెప్పే కథలన్నీ నమ్మకండి, సేఫ్టీ మీట కింద ఉన్న సందులోంచి బురద లోపలికి పోయిందంటే ఇది కూడా మొండికేస్తది.

ఆ సేఫ్టీ మీట గురించి చెప్పాలి. కుడివైపు పొడుగ్గా రేకు మీట, పైన ఉంటే సేఫ్, ఒక మెట్టు దించితే వరసగా, ఇంకో మెట్టు దించితే ఒక్కొక్కటి. కంగారులో కిందకి గుంజితే ఏకంగా అడుక్కి వచ్చి ఒక్కొక్కటి దగ్గర ఆగుద్ది, మ్యాగజైన్ మొత్తం గాల్లోకి ఊదేయకుండా అలా పెట్టారని చెప్తారు, నాకైతే తెలివైన పనే అనిపిస్తది. కానీ ఆ టక్కుమనే చప్పుడు ఉంది చూశారూ, నిశ్శబ్దంగా ఉన్న రాత్రి పక్క ఊరికి కూడా వినపడుద్దేమో. బొటనవేలికి అందదు, చెయ్యి పట్టు వదిలి దించాలి. చివరి రౌండు అయిపోయాక బోల్టు తెరుచుకుని ఆగదు, ట్రిగ్గర్ నొక్కితే టిక్ అంటది, అప్పుడు తెలుస్తది ఖాళీ అని. వెనక సైటు రైఫిల్ మధ్యలోనే ఉంటది, బాగా వెనక్కి లేదు, ముందు దానికీ వెనక దానికీ దూరం తక్కువ, గురి అంత సుఖంగా ఉండదు.

సరే, నా డబ్బా సంగతి. ఏకే ఇనప మ్యాగజైన్ అంత మొండి వస్తువు నేను ఇంకోటి చూళ్ళేదు. ముందు కొనని గాడిలో తగిలించి వెనక్కి లాగితే టక్ మని కూర్చుంటది. మొదట్లో అందరూ నేరుగా తోయబోయి తంటాలు పడతారు, రెండు రోజుల్లో చెయ్యి దానంతటదే నేర్చుకుంటది. అంచులు దిట్టం, కింద పడేసినా తొక్కినా వంగవు. ఆ వంపు ఎందుకో తెలుసా, అందం కోసం కాదు, 7.62×39 రౌండు గొట్టం మొదలు లావుగా ఉండి ముందుకి సన్నబడుతూ పోద్ది, ఒకదాని మీద ఒకటి పేర్చితే అవే అరటిగెలలా వంగుతాయి. గొట్టం అలా సన్నబడటం వల్ల కాల్చాక చాంబర్లోంచి (బారెల్ వెనక కొసన రౌండు కూర్చునే గూడు) తేలిగ్గా ఊడి వస్తది కూడా. ఏకే నమ్మకస్తురాలు అని పేరొచ్చిందంటే అందులో సగం పుణ్యం ఈ రౌండుదీ ఈ మ్యాగజైన్‌దీ, కానీ పోస్టర్ మీద బొమ్మ మాత్రం రైఫిల్‌ది.

మరి దోషం? బరువు. ఒక రౌండు 16 గ్రాముల పైనే, 30 రౌండ్లు నింపిన ఇనప మ్యాగజైన్ 800 గ్రాములు దాటుద్ది. ఎం16 అల్యూమినియం మ్యాగజైన్ 30 రౌండ్లతో అర కిలో లోపే. ఏడేసి మ్యాగజైన్లు మోస్తే ఇటు 5.7 కిలోలు, అటు 3.4. ఆ రెండు కిలోల తేడా కాగితం మీద ఏముందిలే అనిపిస్తది, నడుముకి కట్టుకుని పొద్దున్నించి సాయంత్రం దాకా నడిచినవాణ్ణి అడగండి.

అందుకే నన్నడిగితే ఆ ఇంట్లో అసలైన బిడ్డ ఏకే-74. 1974లో 5.45×39 రౌండుకి మారారు, మ్యాగజైన్ ఇనుము పోయి ఎరుపూ నారింజా కలిసిన రంగులో ప్లాస్టిక్ లాంటిది వచ్చింది, అందరూ బేకలైట్ అంటారు గానీ నిజానికి గాజు నార కలిపిన రెసిన్. నిండుగా ఉన్నా అర కిలో, కాస్త పైన. బారెల్ కొనకి పెద్ద మజిల్ బ్రేక్ (తన్ను తగ్గించే ముక్క) పెట్టారు, భుజానికి తన్ను దాదాపు తెలియదు, పక్కన పడుకున్నవాడి చెవులు మాత్రం గుయ్ మంటాయి. 10కి 9 వేస్తా, ఆ ఒక్క మార్కు సేఫ్టీ మీట చప్పుడుకి కోసేశా.

ఇక్కడ చిన్న పక్కదారి. చెక్ వాళ్ళ వీజెడ్ 58 అని ఒకటుంది, చూడ్డానికి అచ్చం ఏకే, రౌండు కూడా అదే, కానీ లోపల ఒక్క ముక్క కలవదు, ఆఖరికి మ్యాగజైన్ కూడా దీనిది దానికి పట్టదు. నాకు తెలిసిన ఒకాయన ఆ రెండూ ఒకే పెట్టెలో కలిపేసి పెట్టాడు, మర్నాడు వాటిని విడదీసేసరికి మా పని తెల్లారింది. ఏకే కంటే తేలిక, చివరి రౌండు తర్వాత బోల్టు ఆగుద్ది, నిజం చెప్పాలంటే చాలా విషయాల్లో మెరుగే. ఏం లాభం, కోట్లలో ఉన్నదాని ముందు ఇది ఎవరికి గుర్తుంటది.

ఇప్పుడు ఎం16. దీని మీద కోపం లేదు, జాలే ఎక్కువ. యూజీన్ స్టోనర్ అనే ఇంజినీరు ఆర్మలైట్‌లో చేశాడు, 1959లో హక్కులు కోల్ట్ కొనుక్కుంది. అల్యూమినియం బాడీ, ప్లాస్టిక్ బట్టు, బరువు 3 కిలోల లోపు, రౌండు 5.56. అప్పట్లో చెక్కా ఇనుమూ తప్ప తెలియనివాళ్ళకి ఇది ఆటబొమ్మలా కనిపించింది. పేపర్ మీద బంగారం. వియత్నాం అడవిలోకి పంపేటప్పుడు మాత్రం చేయకూడనివన్నీ చేశారు. స్టోనర్ ఏ తుపాకీ మందుతో రైఫిల్ కుదిర్చాడో ఆ మందు మార్చేసి బాల్ పౌడర్ అనేది పెట్టారు, దాంతో మసి పెరిగింది, కాల్చే వేగం కూడా హద్దు దాటింది. చాంబర్‌కి క్రోమ్ పూత వేయలేదు, ఆ తేమకి తుప్పు పట్టింది. ఇవన్నీ ఒక ఎత్తు, దీన్ని తుడవక్కర్లేదన్న ప్రచారం ఒక ఎత్తు, క్లీనింగ్ కిట్లు కూడా సరిగా ఇవ్వలేదు. గోరుచుట్టు మీద రోకటి పోటు.

ఏమైందంటే కాల్చిన గొట్టం చాంబర్లోనే ఇరుక్కుపోయేది. దాన్ని తీయాలంటే బారెల్ ముందు నుంచి రాడ్ దూర్చి పొడవాలి. రాడ్ ఉన్నవాడు పొడుచుకున్నాడు, లేనివాడు? ఎదురుగా శత్రువు ఉండగా చేతిలో తుపాకీ ఉత్త కర్ర అయిపోయింది చాలామందికి. 1967లో అమెరికా పార్లమెంటు కమిటీ విచారణ చేసి, మందుగుండు లోపాలు తెలిసీ దిద్దకపోవడం దాదాపు నేరమే అన్నంత మాట రిపోర్టులో రాసింది. తర్వాత క్రోమ్ చాంబర్, మందులో మార్పులు, కిట్లు, బొమ్మల కథలా గీసిన మాన్యువల్ అన్నీ వచ్చాయి, ఎం16ఏ1 దారిలో పడింది. రైఫిల్ అదే, చుట్టూ ఉన్న మనుషులు తమ పని చేశారంతే.

మ్యాగజైన్ సంగతికొస్తే ఇంకో తమాషా. ఈ రైఫిల్ పుట్టింది 20 రౌండ్ల నిటారు మ్యాగజైన్‌తో. అందులో కూడా చాలామంది 18 మాత్రమే పెట్టేవాళ్ళు. తర్వాత 30 కావాలన్నారు, కానీ అది దూరే గూడు నిటారుది, రౌండ్లు ఎన్ని పేరిస్తే అంత వంగుతాయి, ఇంక చేసేది లేక పైభాగం నిటారుగా, కింద భాగం వంపుగా చేశారు. లోపల ఫాలోవర్ ఆ మలుపు దగ్గర తల వంచి ఇరుక్కునేది. దీన్ని సరిచేయడానికి అమెరికన్ ఆర్మీ ఆకుపచ్చ ఫాలోవర్ అంది, 2009లో గోధుమరంగు ఫాలోవర్ అంది, ఆ తర్వాత మళ్ళీ కొత్త మ్యాగజైన్ అంది. మెరైన్లు విసిగిపోయి ప్లాస్టిక్ పీమ్యాగ్ వైపు పోయారు. 1960లలో గూడు రెండు వేళ్ళ వెడల్పు పెంచి ఉంటే ఈ గోలంతా తప్పేదేమో, ఎవరు ఊహించారు.

నా చేతిలో ఎం16 రకం ఎలా ఉంటదంటే, కాల్చేవాడికి స్వర్గం, తుడిచేవాడికి పరీక్ష. సేఫ్టీ బొటనవేలి కిందే, మ్యాగజైన్ బటన్ చూపుడువేలి దగ్గరే, చివరి రౌండు తర్వాత బోల్టు ఆగుద్ది, కొత్త మ్యాగజైన్ తోసి ఎడమవైపు మీట ఒక్కటి చరిస్తే రెడీ. తన్ను నేరుగా భుజంలోకి వస్తది, ముక్కు లేవదు. గురి అద్భుతం. కానీ గ్యాసు పిస్టన్ మీదికి కాకుండా సన్న గొట్టం గుండా నేరుగా బోల్టు గూట్లోకే వస్తది, మసంతా అక్కడే. బోల్టు తోక మీద గట్టిగా పట్టుకున్న ఆ నల్ల పొర గీకడం ఉంది చూడండి, గోళ్ళు అరిగిపోతాయి. ఫైరింగ్ పిన్ను జారకుండా పట్టే ఒక చిన్న పిన్ను ఉంటది, జడపిన్నంత కూడా ఉండదు, అది గడ్డిలో పడిందా, అంతే సంగతులు. నేను ఒకసారి మోకాళ్ళ మీద కూర్చుని ముప్పావు గంట వెతికా, చివరికి నా బూటు కుట్టులోనే ఇరుక్కుని ఉంది.

ఎం4 అంటే దాని పొట్టి రూపం, 1994లో తీసుకున్నారు, బారెల్ 14.5 అంగుళాలు. 2007లో దుమ్ములో పరీక్ష పెట్టారు, ఒక్కో రకానికి పది రైఫిళ్ళు, ఒక్కో రకంతో మొత్తం 60,000 రౌండ్లు. ఎం4 882 సార్లు ఆగింది, జర్మన్ కంపెనీ హెక్లర్ అండ్ కోఖ్ చేసిన హెచ్‌కే416 233 సార్లు, అప్పట్లో పరీక్షలో ఉన్న ఎక్స్ఎం8 అనే ఇంకో రైఫిల్ 127. ఎం4 చెత్త అని అప్పుడు పెద్ద గోల. నేను చూసేది వేరే అంకె, ఆ 882లో 239 మ్యాగజైన్ వల్ల వచ్చినవే. అంటే ఎం4 కేవలం డబ్బా వల్ల ఆగినన్ని సార్లే దాదాపుగా హెచ్‌కే416 అన్ని కారణాలూ కలిపి ఆగింది. ఇంకేం చెప్పాలి నేను.

బ్రిటిష్ వాళ్ళ ఎల్85 అయితే పైన పటారం లోన లొటారం. 1985లో వచ్చింది, బుల్‌పప్, అంటే మ్యాగజైన్ ట్రిగ్గర్ వెనకాల ఉంటది, బారెల్ పొడుగు తగ్గకుండా రైఫిల్ పొట్టిదవుద్ది. ఐడియా బావుంది. మ్యాగజైన్ ఊడదీసే బటన్ ఎక్కడ పెట్టారంటే, మెడలో వేలాడదీసుకుని నడిస్తే ఛాతీకి ఒత్తుకునే చోట. నడుస్తూ నడుస్తూ మ్యాగజైన్ రాలిపోద్ది! తర్వాత దాని చుట్టూ కంచె కట్టారు. దోమల మందు రాసుకున్న చేతులతో పట్టుకుంటే ప్లాస్టిక్ కరిగేది. 1991 గల్ఫ్ ఇసుకలో పరువంతా పోయింది. ఎడమ భుజం మీంచి కాల్చే వీలే లేదు, కాల్చిన గొట్టాలు ముఖం మీదే పడతాయి. చివరికి హెక్లర్ అండ్ కోఖ్ వాళ్ళకిచ్చి సుమారు 2 లక్షల రైఫిళ్ళు బాగుచేయించారు, 9.2 కోట్ల పౌండ్లయింది, అందులో కొత్త మ్యాగజైన్ కూడా ఉంది గమనించండి. ఆ తర్వాత మాత్రం ఏ2 అనే ఆ బాగుచేసిన రకం మంచి రైఫిలే, అన్యాయంగా తిట్టకూడదు, గురి బాగా కుదురుద్దని వాడినవాళ్ళే అంటారు.

ఫ్రెంచ్ ఫామాస్ నాకు చూడ్డానికి భలే ఇష్టం. పైన పొడుగాటి పిడి, వాళ్ళ సైనికులు బాకా అని ముద్దుగా పిలుస్తారు. 1978 నాటిది, ఇది కూడా బుల్‌పప్, నిమిషానికి 900 పైన కాలుస్తది, 25 రౌండ్ల మ్యాగజైన్ రెండు సెకన్లలో ఖాళీ. ఇక్కడ జరిగిన ఘోరం వినండి, ఆ మ్యాగజైన్లు వాడి పారేయడానికని తేలిగ్గా చేశారు. మరి ఖర్చు? పారేయకుండా ఏళ్ళ తరబడి మళ్ళీ మళ్ళీ నింపి వాడారు. అంచులు వంగకేం చేస్తాయి, స్ప్రింగులు నీరసించకేం చేస్తాయి. జామ్‌లకి తిట్లు తిన్నది రైఫిల్. పైగా దానికి గొట్టం ఇనుముతో చేసిన ఫ్రెంచ్ రౌండ్లే పడతాయి, మిత్ర దేశాల ఇత్తడి రౌండ్లతో పేచీ. 2016లో వాళ్ళు హెచ్‌కే416 ఎంచుకున్నారు, బాకా పక్కన పెట్టేశారు. 10కి 6, అందులో 2 అందానికి.

ఇండియా ఇన్సాస్‌ది కూడా ఇదే కథ, కాకపోతే చలి వెర్షన్. పారదర్శకంగా ఉండే 20 రౌండ్ల ప్లాస్టిక్ మ్యాగజైన్, ఎన్ని మిగిలాయో బయటినుంచే కనపడుద్ది, మంచి ఆలోచన. 1999లో కార్గిల్ ఎత్తుల మీద ఆ చలికి మ్యాగజైన్లు పగిలాయి. జామ్‌లు, మూడు రౌండ్ల బర్స్ట్ సరిగా ఆగకపోవడం, నూనె కంట్లోకి చిమ్మడం లాంటి ఫిర్యాదులు కూడా ఉన్నాయి. గ్యాసు పిస్టన్ ఏకే మూసలోదే, అంత చెడ్డ పునాది కాదు. డబ్బా దగ్గర దెబ్బతింది. ఇప్పుడు దాని స్థానంలోకి 7.62×39 రౌండుతో ఏకే-203 వస్తోంది, అమేథీ దగ్గర కోర్వాలో తయారీ.

అదే పారదర్శక ప్లాస్టిక్‌ని సరిగ్గా చేస్తే ఎలా ఉంటదో చూడాలంటే ఆస్ట్రియా స్టయర్ ఆగ్, స్విస్ వాళ్ళ ఎస్ఐజీ 550 చూడండి. ఆగ్ 1977లోనే వచ్చింది, ఇప్పుడు చూసినా సినిమాలో వచ్చే భవిష్యత్తు తుపాకీలా ఉంటది. సెలెక్టర్ మీటే లేదు, ట్రిగ్గర్ సగం నొక్కితే ఒక్కటి, పూర్తిగా నొక్కితే వరసగా. మొదటిసారి పట్టుకున్నవాడు సగం ఎక్కడో తెలియక రెండు మూడు వదిలేస్తాడు, అది మామూలే. మ్యాగజైన్ మందంగా, గట్టిగా, చేత్తో పిండినా కదలదు. స్విస్ దానికైతే మ్యాగజైన్ పక్కన చిన్న బొడిపెలు ఉంటాయి, రెండు మూడు ఒకదానికొకటి తగిలించుకోవచ్చు, టేపు చుట్టే పని లేదు. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న గార్డు పక్కకి తిరుగుద్ది, చలికాలం లావు గ్లవుజులతో కూడా కాల్చొచ్చు. బరువు 4 కిలోల పైనే, ధర మాట ఎత్తకండి. స్విస్ సైనికులు దాన్ని ఇంటికే తీసుకుపోతారు, అంత జాగ్రత్తగా చూసుకుంటారు కాబట్టే అది అంత బాగుంటదేమో కూడా. నేను పట్టుకున్నవాటిలో బోల్టు లాగితే వెన్నలా జారింది అదొక్కటే.

జర్మనీ జీ36 గురించి ఎక్కువ రాయను. వేడెక్కితే గురి తప్పుతోందని 2015లో రక్షణ మంత్రి స్థాయిలో గొడవైంది, 2016లో కోర్టు కంపెనీ వైపే తీర్పిచ్చింది, అయినా సైన్యం వేరే రైఫిల్‌కి మారుతోంది. ఎవరిది తప్పో మీరే తేల్చుకోండి. చైనా క్యూబీజెడ్-95 అంటారా, సెలెక్టర్‌ని తీసుకెళ్ళి వెనకాల బట్టు దగ్గర పెట్టినవాడితో ఓసారి మాట్లాడాలని ఉంది. వాళ్ళు కూడా బుల్‌పప్ వదిలేసి క్యూబీజెడ్-191 అని మామూలు ఆకారానికి వచ్చేశారు, 2019 పరేడ్‌లో చూపించారు. ఫ్రాన్సూ అంతే. మెల్లగా అందరూ ఆ పొట్టి ఆకారం దిగిపోతున్నారు.

ఇజ్రాయెల్ గలీల్ గురించి చెప్పకుండా వదిలితే పాపం తగుల్తది. ఫిన్లాండ్ వాళ్ళు ఏకేని మెరుగుపరిచి చేసిన రైఫిల్ మీద ఆధారపడి, 5.56 రౌండుతో, 35 రౌండ్ల ఇనప మ్యాగజైన్‌తో 1970ల మొదట్లో తెచ్చారు. బరువు బాగా ఎక్కువ. కానీ దానికి సీసా మూత తీసే ఓపెనర్ ఉంది! వేళాకోళం కాదు. అంతకుముందు సైనికులు మ్యాగజైన్ అంచులతో సీసా మూతలు తీసేవాళ్ళు, అంచులు వంగిపోయి మర్నాడు జామ్‌లు. కుర్రాళ్ళని ఆపలేం అని అర్థమై, రైఫిల్‌లోనే ఓపెనర్ పెట్టేశారు. నా లెక్కలో మొత్తం అసాల్ట్ రైఫిళ్ళ చరిత్రలో ఇంతకంటే మంచి డిజైన్ నిర్ణయం ఇంకోటి లేదు. మనిషి ఎలా ఉంటాడో చూసి తుపాకీ చేశారు, మాన్యువల్ చదువుతాడని ఆశపడి కాదు.

ఇప్పుడు అందరూ అడిగేది హెచ్‌కే416. ఎం4 వాడేవాడికి అన్ని మీటలూ అక్కడే, లోపల మాత్రం పొట్టి పిస్టన్, బోల్టు గూట్లోకి మసి తక్కువ. తుడిచేవాడిగా నాకు దండం పెట్టాలనిపించే రైఫిల్. నార్వే 2007లో తీసుకుంది, ఫ్రాన్స్ తర్వాత తీసుకుంది, జర్మనీ కూడా దాని కొత్త రకానికే వస్తోంది. ఎం4 కంటే అర కిలో బరువు, ముందు వైపే బరువు పడుద్ది, చాలాసేపు ఎత్తి పట్టుకుంటే ఎడమ భుజం లాగుద్ది. 10కి 8.

చివరిది అమెరికా ఆర్మీ కొత్త ఎం7. 2022 ఏప్రిల్‌లో కాంట్రాక్టు ఎస్ఐజీ సావర్ కంపెనీకి ఇచ్చారు, 6.8×51 రౌండు, దూరంలో కూడా కవచాన్ని దెబ్బతీయాలని. గొట్టం అడుగు ఇనుము, పైన ఇత్తడి, అంత ఒత్తిడి పుడుద్ది లోపల. ఇది అసాల్ట్ రైఫిల్ కాదు, మళ్ళీ ఆ పెద్ద రౌండ్ల కులానికే పోయింది అనేవాళ్ళున్నారు, నేనూ అదే అంటా. సప్రెసర్‌తో (చప్పుడు తగ్గించే గొట్టం) కలిపి నాలుగున్నర కిలోల దగ్గర. మ్యాగజైన్ ఎంతో చూశారా? 20. ఏడు మ్యాగజైన్లంటే 140 రౌండ్లు, ఎం4 వాడు మోసేది 210. ఆ పోయిన 70 రౌండ్లకి బదులు ప్రతి రౌండూ గట్టిగా తగుల్తదని వాళ్ళ లెక్క. అయ్యుండొచ్చు. నాకు ఒక ఎం7 మ్యాగజైన్ ఇచ్చి, ఏడాది పాటు ఇరవై మంది కుర్రాళ్ళ చేతుల్లో పడనిచ్చి తిరిగి తెచ్చివ్వమనండి, అంచులు చూసి మార్కులేస్తా. అప్పటిదాకా ఆ గడి ఖాళీ.